మేడల ఎత్తు - వీధి వెలుతురు

నగరములో మేడ ఎంత ఎత్తుండవచ్చునను ప్రశ్న ఇంజనీర్లకే చెందినదని మనము తలచుచుందుము. కాని ఆ ప్రశ్న మొదట పుట్టినది ప్రక్కయింటివాని వాకిటి ఎండ నుండి. న్యూయార్కు నగర చరిత్రను చూచినచో ఈ సంగతి మనకు తేటపడగలదు.

మెట్లెక్కిపోవు కాలమున మనుజుని కాళ్ళే మేడకు హద్దు. 1854లో ఎలీషా ఓటిస్ అను నతడు, త్రాడు తెగినను క్రిందపడని లిఫ్టును న్యూయార్కు ప్రదర్శనశాలలో జనుల యెదుట చూపెను. 1885లో చికాగోయందు హోమ్ ఇన్సూరెన్స్ భవనము, బరువును లోహపు చట్రముపై మోపి, పది అంతస్తులు లేచెను. పాత హద్దులు తొలగినవి.

1915లో న్యూయార్కున ఈక్విటబుల్ భవనము పూర్తియైనది. ఒక ఎకరమునకు కొంచెము తక్కువైన స్థలముపై 38 అంతస్తులు నిట్టనిలువుగా నిలిచినవి. అంతస్తుల వైశాల్యమంతయు కలిపినచో స్థలమునకు దాదాపు 30 రెట్లు! చుట్టుప్రక్కల కట్టడములపై పట్టపగలే చీకటి క్రమ్మినది. అట్టి కట్టడమును అడ్డగించు చట్టము ఆనాడు లేదు. కట్టినవారు తమ స్థలముననే కట్టిరి. నష్టము మాత్రము ఇతరులది. భూమికి పట్టా కలదు గాని వెలుతురునకు పట్టా లేదు గదా!

అంతకు ముందే సాగుచున్న చర్చకు ఈ భవనము బలము చేకూర్చెను. 1916లో నగరము నిబంధన చేసినది. వీధి వెడల్పును బట్టి కొంత ఎత్తు వరకే గోడ నిలువుగా లేవవలెను. ఆపైన మెట్లుమెట్లుగా వెనుకకు తగ్గవలెను. స్థలములో నాలుగవవంతుపై మాత్రము ఎంత ఎత్తైనను కట్టవచ్చును. 1931లో పూర్తియైన 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనము ఈ నిబంధనకు లోబడినదే. 1961లో, స్థలమునకు అంతస్తుల వైశాల్యము ఎన్నిరెట్లుండవచ్చునను లెక్కను ప్రధానము చేసిరి.

ఆ లెక్క మనకు క్రొత్త కాదు. హైదరాబాదులో 2006లో దానిని తొలగించి, రోడ్డు వెడల్పును, స్థలము చుట్టు విడువవలసిన ఖాళీని ప్రధానమైన హద్దులుగా చేసిరి. నగరపు పడమట, కోకాపేట వైపున లేచిన ఆకాశహర్మ్యములు ఆ మార్పు తరువాతివే.

ఎత్తైన మేడ తప్పు కాదు. కొద్ది నేలపై అనేక కుటుంబములకు అది నీడ నిచ్చును. కాని దాని ముందరి రోడ్డు చాలునా, అగ్నిమాపక శకటము చుట్టును తిరుగగలదా, ప్రక్కయింటి వాకిట పూటకైనను ఎండ పడునా యని పునాది త్రవ్వకముందే అడుగవలెనని మా మనవి. మేడ లేచిన పిదప అడిగి ప్రయోజన మేమి?