షెడ్డులో పాత అంబాసిడర్ ఉందా? పానా పట్టే ముందు ఆర్సీ చూడండి.. రేడియేటర్‌లో బోరు నీళ్లు మాత్రం పోయొద్దు!

హాలియా: కోతలు అయిపోయాక షెడ్డు ఊడుస్తుంటే, వడ్ల బస్తాల వెనకాల టార్పాలిన్ కింద ఓ కారు. నాలుగు టైర్లలోనూ గాలి లేదు. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. తాత కొన్న అంబాసిడరో, నాన్న నడిపిన ఫియెటో అయ్యుంటుంది. హాలియా, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట చుట్టుపక్కల ఇలాంటి బండ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పాత ఇనుప సామాను వాళ్లు కిలోల లెక్కన రేటు చెప్తారు. ఇంట్లో కుర్రాళ్లేమో యూట్యూబ్ చూసి "మనమే చేసేసుకుందాం" అంటారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది కారు ఇంజిన్ కంటే ముందు దాని కాగితాలే తేలుస్తాయి.

క్లాసిక్ కారు అనగానే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ గుర్తొస్తుంది. అది నిజాం గారి సంగతి. మన ఊళ్లలో మిగిలినవి ఎక్కువగా అంబాసిడర్లు, పద్మినీలు, జీపులు, తొలినాళ్ల మారుతీ 800లు. వీటిలో ఇంట్లో బాగు చేసుకోవడానికి కాస్త వీలైనది అంబాసిడరే. నాగార్జునసాగర్ డ్యామ్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. ఆ డ్యామ్ కడుతున్న రోజుల్లోనే, బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌ను తెచ్చింది. 2014 మేలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ప్లాంట్ ఆగేదాకా ఆ రూపం పెద్దగా మారలేదు. అందుకే దీని విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి, చెయ్యి తిరిగిన పాత మెకానిక్‌లూ ఉన్నారు. పద్మిని తయారీ అంతకు చాలా ముందే ఆగిపోయింది కాబట్టి సామాను కోసం కొంచెం ఎక్కువ తిరగాలి.

50 ఏళ్ల గీత

పాత కారంతా 'వింటేజ్' కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బండ్లకే ఆ హోదా. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20 వేలు, గడువు పదేళ్లు. ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ.5 వేలు. కొత్త నంబర్ అయితే రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఇప్పటికే నంబర్ ఉన్న బండికి పాత నంబర్ అలాగే ఉంటుంది. తాత నాటి నంబర్ ప్లేట్ మీద మమకారం ఉన్నవాళ్లకు ఇది మంచి వార్తే.

అయితే ఓ మెలిక ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పెట్రోల్ ఖర్చు భరించలేక ఎప్పుడో డీజిల్ ఇంజిన్ ఎక్కించిన అంబాసిడర్లు ఇక్కడే చిక్కుకుంటాయి. అప్పట్లో అది తెలివైన పనే, ఇప్పుడు అదే అడ్డం. మరో సంగతి.. వింటేజ్ బండిని రోజువారీ పనులకు తిప్పడానికి లేదు. ఎగ్జిబిషన్, ర్యాలీ, పెట్రోల్ పోయించుకోవడం, మరమ్మతు వంటి వాటికే రోడ్డెక్కాలి. సంతకో, పెళ్లికో వెళ్దామంటే కుదరదు.

మరి 50 ఏళ్లు నిండని 1980లు, 90ల నాటి బండ్ల పరిస్థితి ఏంటి? 15 ఏళ్లు దాటగానే తుక్కు చేయాల్సిందేనన్న ప్రచారం ఉంది. ఢిల్లీ ప్రాంతంలో ఉన్న ఆంక్షలను ఇక్కడికి అంటగట్టడం వల్ల వచ్చిన భయం అది. మన దగ్గర సొంత కారును తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు. దరఖాస్తు ఫారం 25. ఖర్చు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు రూ.5 వేలు ఉండగా, 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో రూ.10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము వేరే.

ఆర్సీ చనిపోయిన నాన్న పేరు మీదో, తాత పేరు మీదో ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదకు మార్చుకోవాలి. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడక ముందు కోదాడ, సూర్యాపేట బండ్లు కూడా నల్గొండ లెక్కల్లోనే ఉండేవి. కాబట్టి పాత రిజిస్టర్‌లోని వివరాలు ఆన్‌లైన్‌కు ఎక్కాయో లేదో ముందే కనుక్కోవాలి. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్సీతో కలవకపోతే కారు మీద ఒక్క రూపాయి కూడా పెట్టకముందే ఆగడం మంచిది. ఈ పని వదిలేసి ముందు పెయింట్ వేయించినవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు.

స్టార్ట్ చేయడం కాదు, ఆపడం ముఖ్యం

కాగితాలు తేలాయి. ఇక అందరూ చేసే తప్పు ఒకటుంది. కొత్త బ్యాటరీ పెట్టి, తాళం తిప్పేస్తారు. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి. స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ వేసి, ఒకట్రెండు రోజులు వదిలేయాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడాలి. కదలకపోతే మళ్లీ ఆయిల్, మళ్లీ ఓపిక.

అయినా ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది బ్రేకులు. పాత అంబాసిడర్‌లో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, అన్నింటికీ కలిపి ఒకటే బ్రేక్ ఆయిల్ లైన్. ఇప్పటి కార్లలో లైన్ రెండు భాగాలుగా ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ఇందులో ఎక్కడ చిన్న లీకు వచ్చినా మొత్తం పోతుంది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులు ఏళ్లు గడిచాక గట్టిపడతాయి. పైకి బాగానే కనిపించినా సరే, మార్చాల్సిందే. బ్రేక్ ఆయిల్ అయిపోయిందని ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. పాత బ్రేక్ లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఆ దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. తడిగుడ్డతో తుడవాలి.

జాకీ మీద లేపిన కారు కిందకు దూరడం ప్రాణాలతో చెలగాటమే. స్టాండ్లు పెట్టాకే కిందకు వెళ్లాలి. ఇటుకలు పెడితే ఒక్కసారిగా పగిలిపోతాయి.

నల్గొండ నీళ్ల సంగతి

ఈ ప్రాంతం నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటర్‌కు అసలు శత్రువు అది కాదు, బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇంట్లో వేడినీళ్ల గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది ఇదే. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, ఇంజిన్ లోపలి నీటి దారుల్లో అదే పొర కట్టి, వేడి బయటకు పోనివ్వదు. మే నెల ఎండలో దామరచర్ల దాకా వెళ్లేసరికి బానెట్ నుంచి ఆవిరి లేస్తే చాలామంది కారును తిడతారు. తప్పు కారుది కాదు, దాన్లో పోసిన బిందెడు బోరు నీళ్లది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్ మరో తలనొప్పి. అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ బండ్లు చేసిన రోజుల్లో ఆ ఆలోచనే లేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రేకు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపులోని డయాఫ్రమ్ మెత్తబడటమో పగలడమో జరుగుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించి, ట్యాంకు కడిగించి, కొత్త ఫిల్టర్ పెట్టుకోవాలి. నెలల తరబడి నడపకపోతే పెట్రోల్ తీసేయడమే నయం. ఊక, గడ్డి ఉన్న షెడ్డులో మాత్రం ఆ పని పెట్టుకోవద్దు. ఆరుబయట, బీడీకి, కరెంటు వైర్లకు దూరంగా చేయాలి.

తుప్పు విషయంలో అంబాసిడర్ కొంచెం మోసం చేస్తుంది. చూడటానికి ఇనప్పెట్టెలా ఉంటుంది కానీ లారీలాగా దీనికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే దాని బలం. తలుపుల కింది అంచు, కాళ్ల కింది రేకు, బ్యాటరీ కింద, డిక్కీ అడుగు.. ఇక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. లోపలికి దిగిపోతే రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే. పైన పుట్టీ పూసి రంగేస్తే ఏడాది తిరక్కుండానే బుడగలు లేస్తాయి. ఇంట్లో చేసుకోలేని పని ఇదొక్కటే, ఖర్చు ఎక్కువయ్యేదీ ఇక్కడే. కారు కొనాలా, ఉంచుకోవాలా అన్నది రేకు చూసే తేల్చుకోవచ్చు.

ఎలుకలు కొరికిన వైరింగ్‌ను టేపు చుట్టి వాడేయొద్దు. పాత బండ్లలో ఫ్యూజులు తక్కువ, షార్ట్ అయితే నిప్పే. కారు ఆపి ఉంచినన్నాళ్లూ బ్యాటరీ టెర్మినల్ విప్పేసి ఉంచాలి, పక్కన వడ్ల బస్తాలు పెట్టకూడదు.

బాగయ్యాక పెద్ద పనులేం ఉండవు. గ్రీజు నిపుల్స్‌కు గ్రీజు కొట్టడం, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసుకోవడం, ఏడాదికోసారి ఆయిల్ మార్చడం. నెలకోసారైనా కారు నడవాలి. ఇంటి ముందే స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సర్‌లో చెమ్మ మిగిలి తుప్పు పడుతుంది. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు హాలియా నుంచి మిర్యాలగూడ వైపు ఓ అరగంట తిప్పుకొస్తే ఆ నెలకు సరిపోతుంది.