నాలుగు మీటర్లకు ఐదు మిల్లీమీటర్లు తక్కువ

కియా సోనెట్ పొడవు 3995 మిల్లీమీటర్లు. హ్యుందాయ్ వెన్యూ 3995, మారుతి డిజైర్ 3995. మూడు కంపెనీలు ఒకే అంకె దగ్గర ఆగడం కాకతాళీయం కాదు. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కి దించారు. 4000 మిల్లీమీటర్లు దాటకూడదు, ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ మించకూడదు. అదీ చిన్న కారు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీలోనూ గీత అక్కడే ఉంది: లోపలుంటే 18 శాతం, దాటితే 40.

2008లో వచ్చిన డిజైర్ పొడవు 4160. 2012 నాటి కొత్త డిజైర్ 3995కి కుదించుకుపోయింది. తగ్గిన 165 మిల్లీమీటర్లంటే బడిపిల్లల చిన్న స్కేలు కంటే ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ, అంతే. కానీ ఆ కోత పడింది డిక్కీ మీద. తోక తెగిన బండిలా కనపడకుండా, వెనక సీటులో మోకాళ్ళు ముడుచుకోకుండా దాన్ని సర్దిపెట్టడమే ఆటోమొబైల్ డిజైనర్ పని. సోనెట్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ దూరం 2500. మిగిలింది 1495. ముందు బంపరు, రేడియేటరు, గుద్దుకుంటే దెబ్బను తట్టుకునే భాగం, వెనక సామాను చోటు చాలావరకు అందులోనే ఇమడాలి. అందంగా గీయడం ఈ లెక్కలన్నీ తెలిశాక మొదలవుతుంది.

గీసింది నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళదు. కాగితం మీది స్కెచ్ కంప్యూటర్‌లోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి మట్టిలోకి. ముందు నాలుగో వంతు సైజులో, తరువాత అసలు కారంత సైజులో నమూనా చేస్తారు. చట్రం మీద ఫోమ్ అతికించి, వేడికి మెత్తబడిన ప్రత్యేకమైన మట్టిని పొరలుపొరలుగా అద్ది, గీకుతూ రూపం తెస్తారు. 1927లో జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగం మొదలెట్టిన హార్లీ ఎర్ల్ ఈ పద్ధతిని పరిశ్రమకు అలవాటు చేశాడు. కంప్యూటర్లు ఇంత పెరిగినా మట్టి పోలేదు. బానెట్ మీద వెలుతురు ఎక్కడ విరుగుతుందో తెర మీద కంటే మట్టి మీదే బాగా తెలుస్తుంది. క్లే మోడలర్ అన్నది వేరే ఉద్యోగం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదివి, శిల్పం మీద చెయ్యి తిరిగినవాళ్ళు దాని గురించి ఆలోచించాలి.

ఇక మన ఊరు గజపతినగరం సంగతి. విజయనగరం నుంచి రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశా వెళ్ళే రోడ్డు మన ఊరి గుండానే పోతుంది. సాలూరు లారీలకు పేరున్న ఊరు. అంటే వాహన డిజైన్‌లో తేలని సమస్యలు రోజూ మన గుమ్మం ముందు నుంచే వెళ్తున్నాయి. ముందు ముఖం, ఇంజను, స్టీరింగు మాత్రమే ఉన్న ఛాసిస్ కొని, క్యాబిన్ షెడ్డులో కట్టించుకోవడం ఇక్కడ పాత పద్ధతే. రూల్స్ ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్లు మించకూడదు. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే 3.5 టన్నులు దాటిన సరుకు లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. ఘాట్ రోడ్డులో రాత్రంతా నడిపి వచ్చిన డ్రైవరు ఎక్కడ నడుం వాల్చాలి? నేల నుంచి మొదటి మెట్టు ఎంత ఎత్తు? సీటు అంచు నుంచి క్లచ్ ఎంత దూరం? ఓనరును అడిగి, టేపు పట్టి కొలిచి, బొమ్మ గీసి, మార్పు చూపించిన పిల్లవాడి పోర్ట్‌ఫోలియో నా దృష్టిలో ఇంటర్నెట్‌లో చూసి వేసిన ఇరవై ఫెరారీ బొమ్మల కంటే విలువైనది. జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ 1997లో భారతీయుల శరీర కొలతలతో దేబ్‌కుమార్ చక్రవర్తి పుస్తకం వేసింది కూడా ఇందుకే. మన మనిషికి సరిపోయే సీటు మన మనిషిని కొలిస్తేనే వస్తుంది.

మన ఇళ్ళలో ఇంటర్ అంటే ఎంపీసీ, ఆ తరువాత ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్). “బొమ్మలు కూడు పెడతాయా” అన్న మాట ఎన్ని చేతుల్ని ఆపేసిందో! చాలా డిజైన్ కోర్సులకు ఏ గ్రూపైనా సరే. ఐఐటీ బొంబాయి నడిపే యూసీడ్ 3 గంటల పరీక్ష, 300 మార్కులు. ఇప్పుడున్న పద్ధతిలో అందులో 100 మార్కులు చేత్తో గీసి, రాసి చూపించే రెండు ప్రశ్నలవి, ఒక్కోటి 50. వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు. 2024లో ఈ పరీక్ష ద్వారా నిండే సీట్లు దేశమంతా కలిపి 225. గువాహటిలో 56, బొంబాయిలో 37, మనకు దగ్గరున్న హైదరాబాద్ ఐఐటీలో 26. ద్వారం ఇరుకే, ఆ మాట పిల్లలకు దాచకూడదు. ఎన్‌ఐడీలకు వేరే పరీక్ష. 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ళ ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది.

ఇవేవీ సూటిగా కార్ల కోర్సులు కావు. అది పీజీలో వస్తుంది. గాంధీనగర్ ఎన్‌ఐడీలో ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ ఆటోమొబైల్ డిజైన్ రెండున్నరేళ్ళు. ఐఐటీ బొంబాయిలోని ఐడీసీలో మొబిలిటీ అండ్ వెహికల్ డిజైన్. ఇంటర్ తరువాత మొత్తం ఆరు, ఆరున్నరేళ్ళ చదువు.

ఇప్పటికే విజయనగరంలో మెకానికల్ బీటెక్ చదువుతున్నవాళ్ళకు దారి మూసుకుపోలేదు. పీజీ డిజైన్ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఎండెస్ కోర్సుల్లో చేరవచ్చు. మహీంద్రా ఎక్స్‌యూవీ 500, 2020 నాటి థార్ వెనకున్న రాంకృప అనంతన్ బిట్స్ పిలానీలో మెకానికల్ చదివి, ఆ తరువాతే ఐడీసీకి వెళ్ళారు.

ఉద్యోగం మాత్రం ఊరు దాటించక తప్పదు. కియా పెనుకొండ ఫ్యాక్టరీ ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యంతో 2019లో ఉత్పత్తి మొదలెట్టింది, కానీ ఆ కంపెనీ ప్రధాన డిజైన్ కేంద్రం ఉన్నది దక్షిణ కొరియాలో. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం 2006 నుంచి హైదరాబాద్‌లో ఉంది. స్టూడియోలకైతే పుణే, ముంబయి, చెన్నై, బెంగళూరు వైపు చూడాలి.

యూసీడ్ దరఖాస్తులు మామూలుగా అక్టోబరులో తెరుస్తారు, పరీక్ష జనవరిలో. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవాళ్ళు దసరా సెలవుల్లోనే ఇంట్లో మాట్లాడుకుని, దరఖాస్తు పెట్టుకోవాలి. ఈఏపీసెట్ ఆ తరువాత వస్తుంది కాబట్టి రెండూ రాసుకోవచ్చు.