కంపెనీ ఇల్లు ఖాళీ చేయించే సంతకం ఎవరిది?

హైదరాబాద్‌లో అన్నదమ్ములిద్దరు ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టి, దాని పేరున భవనం కొన్నారనుకుందాం. అద్దె ఒప్పందమూ కంపెనీ పేరునే ఉంది. అద్దెకున్నవారు నెలల తరబడి డబ్బు కట్టడం లేదు. అన్నయ్య తన సొంత పేరున కోర్టుకెళ్తే దావా నిలబడదు, వాటాల్లో 99 శాతం ఆయనవే అయినా సరే. కంపెనీ ఆస్తి మీద వాటాదారుకు నేరుగా హక్కు ఉండదని సుప్రీంకోర్టు 1954లోనే బాచా గుజ్దార్ కేసులో తేల్చింది.

దావా వేసేది కంపెనీ, సంతకం పెట్టేది మనిషి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 29వ ఆర్డర్ 1వ రూల్ ప్రకారం సెక్రటరీ గానీ, డైరెక్టర్ గానీ, వాస్తవాలు చెప్పగల ముఖ్య అధికారి గానీ ప్లెయింటు (దావా పత్రం)పై సంతకం చేయవచ్చు. అయితే దావా వేయాలన్న నిర్ణయం బోర్డుది. అద్దె వసూలు చేసే మేనేజరుకైనా బోర్డు తీర్మానంతో ఆ అధికారం ఇవ్వవచ్చు.

చిన్న కుటుంబ కంపెనీలకు చిక్కు వచ్చేది ఇక్కడే. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి, బోర్డు సమావేశానికి కోరమ్ కూడా కనీసం ఇద్దరు. ఆ ఇద్దరూ మన అన్నదమ్ములే అయితే, తమ్ముడు అలిగి రాకపోతే తీర్మానమే లేదు. కాగితం తిప్పి సంతకాలు తీసుకుందామన్నా మెజారిటీ కావాలి, ఇద్దరిలో మెజారిటీ అంటే ఇద్దరూ. అన్నదమ్ముల మనస్పర్థ తీరేదాకా అద్దె బకాయి పెరుగుతూనే ఉంటుంది. ఒక్కరే డైరెక్టరుగా నడిచే వన్ పర్సన్ కంపెనీకి ఈ బాధ లేదు.

తీర్మానం కాగితం దొరకనంత మాత్రాన కేసు పోయినట్టేనా? కాదు. 1996లో యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, నరేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: అధికారం లేకుండా చేసిన సంతకాన్ని కంపెనీ తర్వాత కూడా ఆమోదించవచ్చు, ఆ ఆమోదాన్ని పరిస్థితులను బట్టి కోర్టు ఊహించవచ్చు. అలాగని ముందే తీర్మానం చేసుకోకపోవడం తెలివైన పని కాదు. ఆ అభ్యంతరం మీదే వాయిదాలు గడిచిపోతాయి.

కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలైతే లెక్క మారుతుంది. 2016 దివాలా చట్టం 17వ సెక్షన్ కింద బోర్డు అధికారాలు ఆగిపోతాయి. అప్పుడు సంతకం ఆ ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ది.

ఏ కోర్టుకు వెళ్లాలన్నది అద్దెను బట్టి కూడా ఉంటుంది. తెలంగాణలో కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఒప్పందంలో వేరే గడువు రాసుకుంటే అదే చెల్లుతుంది. అద్దెకున్నవారికి నా సలహా ఒకటి: ప్లెయింటు అందగానే తీర్మానం నకలు జత చేశారా లేదా చూడండి.

సాక్ష్యం సంగతి మరీ ముఖ్యం. ఒకరికి స్వయంగా తెలిసిన విషయాన్ని వారి బదులు పవర్ ఆఫ్ అటార్నీ పొందినవారు బోనెక్కి చెప్పలేరని 2004లో జానకీ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి సంతకానికీ సాక్ష్యానికీ ఎండీ కన్నా అద్దె పుస్తకం రాసే మేనేజరే మేలు. అద్దె ఏ నెల నుంచి ఆగింది, ఆఖరి రసీదు ఎవరు రాశారు, నోటీసు ఎవరు అందుకున్నారు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగేవి ఇవే.