నెలలు నిండని బిడ్డయు, రైతు ఋణమును

రైతు అప్పులపాలగుటకు అతివృష్టి, అనావృష్టి, ధరల పతనము కారణములని మనము తరచుగా చెప్పుకొనుచున్నాము. పంటతో సంబంధము లేని కారణములును కొన్ని కలవు. వానిలో ఒకదానిని గూర్చి సభ్యులకు తెలుపుట అవసరమని తోచి ఈ మాసమున ఈ విషయమును చేపట్టితిమి. నెలలు నిండకమునుపే బిడ్డ పుట్టిన యింట ధనకష్టము ఎట్లు ప్రవేశించును, దానిని ఎంతవరకు నివారింపవచ్చును అనునదియే ఈ విషయము.

మా సంఘమున రెండున్నర ఎకరముల మాగాణి గల సభ్యులొకరు కలరు. గత సంవత్సరము వరినాట్ల దినములలో, ఆయన భార్యకు ఎనిమిదవ నెల ప్రవేశించిన కొలది దినములకే నొప్పులు వచ్చి ఆడుబిడ్డ కలిగెను. బిడ్డ తూకము 1,400 గ్రాములు. భయముతో దగ్గరి పట్టణమునందలి యొక ప్రైవేటు ఆసుపత్రికి కొనిపోయిరి. అచ్చట 6 దినములకు 72,000 రూపాయలు అయ్యెను. ఇక చెల్లింపజాలక బిడ్డను జిల్లా ప్రభుత్వాసుపత్రికి మార్చిరి. అచ్చట 20 దినములు ఉంచి, ఒక్క రూపాయియైనను పుచ్చుకొనకయే బిడ్డను బ్రతికించి పంపిరి. అయినను ఆ 20 దినములలో తండ్రికిని అమ్మమ్మకును భోజనములకు, బసకు, రాకపోకలకు 11,000 రూపాయలు వ్యయమయ్యెను.

మొత్తము 83,000 రూపాయలు. ఇందు 33,000 పాడిగేదెను అమ్మగా వచ్చినది. తక్కిన 50,000 నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. ఇది చాలక, ఇంట మగదిక్కు లేనందున ఒకటిన్నర ఎకరము నాట్లు పడక బీడుగా మిగిలెను. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు పాడియు పోయెను, పంటయు తగ్గెను, అప్పును మిగిలెను.

ఈ లెక్కను ఆయనయే మా యెదుట కూర్చుండి చెప్పిరి. దీనిని పరిశీలింపగా మాకు తోచినదేమనగా, వైద్యమున కైన వ్యయము ఒక భాగము మాత్రమే. తెలియమివలన పోయినది ఒక భాగము, పని చెడుటవలన పోయినది మరియొక భాగము, వడ్డీ వలన నేటికిని పోవుచున్నది వేరొక భాగము. ఈ మూటికిని వేర్వేరు మందులు కలవు.

మొదట తెలియమిని గూర్చి. గర్భము 37 వారములు నిండకముందు కలిగిన ప్రసవమును అకాల ప్రసవమందురు. ప్రపంచమున 2020వ సంవత్సరములో ఇట్లు పుట్టిన శిశువులు సుమారు 1 కోటి 34 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కావున ఇది ఏ యింటికైనను రాగల ఆపదయే గాని ఒకరి పాపఫలము కాదు. ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదు అను మాట మన పల్లెలలో నేటికిని వినబడుచున్నది. అది నిజము కాదు. గర్భమున గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఎనిమిదవ నెల బిడ్డపై ఆశ వదలుకొని ఆలస్యము చేయుట పెద్ద పొరపాటు.

జననీ శిశు సురక్షా కార్యక్రమము 2011 జూన్ 1వ తేదీన ఆరంభమైనది. దీని ప్రకారము ప్రభుత్వాసుపత్రులలో జబ్బుపడిన నవజాత శిశువునకు చికిత్స, మందులు, పరీక్షలు, అవసరమైనచో రక్తము ఉచితము. ఆసుపత్రికి చేర్చుట, ఒకచోటినుండి వేరొకచోటికి మార్చుట, తిరిగి ఇల్లు చేర్చుటకూడ ఉచితమే. మొదట 30 దినములవరకే యుండిన ఈ సౌకర్యమును తరువాత ఏడాది వయస్సువరకు పొడిగించిరి. జిల్లా ఆసుపత్రులలో ఇట్టి శిశువుల కొరకు ప్రత్యేక విభాగములు కలవు. నొప్పులు ముందుగా వచ్చిన వెంటనే 108కి ఫోను చేసి, ఆ విభాగమున్న ఆసుపత్రికే కొనిపొమ్మని అడుగవలెను. ప్రైవేటు ఆసుపత్రికి పోక తప్పనిచో, సొమ్ము కట్టకమునుపే ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకము అచ్చట వర్తించునా యని విచారింపవలెను.

వెల లేని వైద్యము మరియొకటి కలదు. బిడ్డను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచుటయే అది. 1978 ప్రాంతమున కొలంబియా దేశపు బొగోటా నగరమున వైద్యులు దీనిని ఆరంభించిరి. దినమునకు 8 మొదలు 24 గంటలవరకు ఇట్లుంచవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. తల్లి అలసినపుడు తండ్రియు, అమ్మమ్మయు ఉంచుకొనవచ్చును. చీకలేని బిడ్డకు వైద్యులు చెప్పినట్లు తల్లి పాలనే పిండి ఉగ్గుగిన్నెతో పట్టవలెను. తేనె, ఆముదము, పంచదార నీరు పోయరాదు. 34 వారములకు ముందు పుట్టిన బిడ్డకు గాని, 2,000 గ్రాములకు తక్కువ తూగిన బిడ్డకు గాని 30 దినములలోగా కంటి పరీక్ష చేయింపవలెను. ఇది మరచినచో చూపు పోవు ప్రమాదము కలదు.

ఇక రెండవది పని చెడుట. వైద్యము ఉచితమైనను తోడున్నవారి తిండి ఉచితము కాదు. పైన చెప్పిన కార్యక్రమమున తల్లికి భోజనము సాధారణ ప్రసవమైన 3 దినములకు, శస్త్రచికిత్సయైన 7 దినములకు ఏర్పరుపబడినది. బిడ్డయో వారముల తరబడి ఉండవలసివచ్చును. ఇచ్చటనే సంఘము పనికి రావలెను. ఆ సభ్యుని ఒకటిన్నర ఎకరము నాటుటకు పదునైదుమంది ఒక దినము పోయియున్నచో చాలియుండెడిది. మనలో ఎవ్వరమును పోలేదు. అడుగలేదను సమాధానము మాకు తృప్తినీయలేదు. ఆసుపత్రి వాకిట కూర్చున్నవాడు ఊరికి వచ్చి ఎవరినడుగగలడు?

మూడవది వడ్డీ. 50,000 రూపాయలకు నెలకు నూటికి మూడు చొప్పున ఏటికి 18,000 అగును. అదే సొమ్ము ఏటికి నూటికి ఏడు చొప్పున లభించియున్నచో 3,500 మాత్రమే. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని నిర్ణయించునపుడు పంటకోత తరువాతి ఖర్చులకును, గృహావసరములకును నూటికి 10 వంతులు చేర్చు నియమము కలదు. ఈ సంగతి తెలిసిన సభ్యులు అరుదు. తమ కార్డున అది చేరినదో లేదో ఆపద రాకమునుపే సంఘ కార్యదర్శిని అడిగి తెలిసికొనవలెను.

రాబోవు మహాజన సభలో మేము రెండు సూచనలు చేయనున్నాము. మొదటిది, ఉపనిబంధనలు అనుమతించునంతమేరకు లాభములనుండి కొంత సొమ్ము తీసి, ప్రసవ శిశు ఆపదలకు ఒకటి రెండు దినములలో అందునట్టి చిన్న ఋణనిధిని ఏర్పరచుట. రెండవది, ఆసుపత్రిలో ఉన్న సభ్యుని పొలమునకు ఇంటికొకరు చొప్పున ఒకదినపు పని ఇచ్చుట. మొదటిదానికి తీర్మానము వలయును. రెండవదానికి మనస్సు చాలును.

ఆ బిడ్డకు ఇపుడు 14 నెలలు. ఎనిమిది కిలోలు తూగి, గోడ పట్టుకొని నిలుచుచున్నది. ఈ 14 నెలలలో తండ్రి వడ్డీక్రింద 21,000 రూపాయలు చెల్లించిరి. అసలు 50,000 అట్లే యున్నది. సభ్యులు ఈ లెక్కను మనస్సునందుంచుకొని సభకు రావలసినదిగా కోరుచున్నాము.