కొచ్చి గిడ్డంగిలో నవీన కళాప్రదర్శనము

విష్ణుధర్మోత్తర పురాణమున చిత్రసూత్రమను భాగమొకటి గలదు. చిత్రమును చూచునపుడు ఆచార్యులకు రేఖయందును, స్త్రీలకు భూషణములయందును ప్రీతి యెక్కువయని అందు చెప్పబడినది. మన యిండ్లలో నేటికిని ఆ తలంపే నిలిచియున్నది. చిత్రప్రదర్శనమనగా విద్వాంసులు పోవలసినదనియు, మనకు గోడమీది దేవుని పటము చాలుననియు అనుకొందుము. అందును నవీనకళ యన్నచో మరింత వెనుదీయుదుము. ఈ సంకోచము నిష్కారణమని నాకు తోపించిన ప్రదర్శనమును గూర్చి యిచట వ్రాయుచున్నాను.

ఇటలీ దేశమున వెనిస్ నగరములో 1895వ సంవత్సరమున రెండేండ్లకొకసారి జరుగు కళాప్రదర్శన మారంభమయ్యెను. దానికి బినాలే యని పేరు. అట్టిదానినే మన దేశమున కేరళమునందలి కొచ్చినగరములో 2012 డిసెంబరు 12వ తేదీన ప్రారంభించి, ప్రాచీనమైన ముజిరిస్ రేవు పేరును దానికి జోడించిరి. 1341లో పెరియారు నదికి వచ్చిన వరదవలన ఆ పాతరేవు చెడి కొచ్చిరేవు పుట్టినదని చెప్పుదురు. 1839నాటి తుపానుచే మన కోరంగి రేవు దెబ్బతినిన కథ వినిన గోదావరి ప్రాంతమువారికి ఇది క్రొత్తమాట కాదు.

ఈ ప్రదర్శనమునకు ముఖ్యస్థానమైన ఆస్పిన్‌వాల్ గృహము చిత్రశాలగా కట్టినది కాదు. 1867లో జాన్ ఆస్పిన్‌వాల్ అను ఆంగ్లేయుడు స్థాపించిన వర్తకసంఘమువారి కార్యాలయములును గిడ్డంగులును అవి. మిరియములు, అల్లము, పసుపు, కొబ్బరినూనె, కలప, తోళ్లు మొదలగునవి అచటినుండి ఓడలకెక్కెడివి. వర్తకము పోయిన పిమ్మట పాడువడియున్న ఆ కట్టడమును కూల్చక, కళలకు విడిదిగా చేసిరి. 2012లో వివాన్ సుందరము అను శిల్పి, ముజిరిస్ కొరకు పట్టణమను గ్రామమున జరిగిన త్రవ్వకములలో బయటపడిన కుండపెంకులతో ఒక చిన్న నగరమును కూర్చి ప్రదర్శించెను. మిరియములు నింపిన గిడ్డంగిలోనే మిరియాల రేవు మరల కనబడినదన్నమాట. క్రొత్త భవనమున ఈ యర్థము సిద్ధించియుండునా?

మూడవ ప్రదర్శనము 2016 డిసెంబరు మొదలు 2017 మార్చి వరకు జరిగెను. ఆ జనవరిలో మావారును, అత్తగారును, నేనును పోయి చూచితిమి. అందొక పెద్ద గిడ్డంగిలో అడుగుపెట్టబోగా నేలయంతయు సముద్రజలము. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని, మోకాటి క్రిందివరకు వచ్చు నీటిలో నడువవలెను. అత్తగారు నలువైపుల చూచి, "ఏమే అమ్మాయీ, బొమ్మలెక్కడ?" అనిరి. గోడలమీద వినుటను, చూచుటను గూర్చిన చిన్న ప్రశ్నలే తప్ప రూపమన్నది లేదు. ఆవలి గోడను చేరినపుడు ఆ ప్రశ్నలెవరిని గూర్చినవో తెలిసినది.

2015 సెప్టెంబరులో సిరియా దేశపు కుటుంబమొకటి యుద్ధమునకు వెఱచి, చిన్న పడవపై సముద్రము దాటుచుండగా ఆ పడవ మునిగిపోయెను. ఒడ్డున బోరగిలబడియున్న అలాన్ కుర్దీ యను పసివాని ఛాయాచిత్రము లోకమంతయు చూచినది. వాని యన్న గాలిప్, తల్లి రెహానా కూడ ఆనాడే మునిగిరి. వారా చిత్రమున లేరు. ఆ గాలిప్ కొరకు చిలీ దేశపు కవి రౌల్ జురీటా ఈ నీటిని నింపించెను. 1973లో తన దేశమున సైన్యము రాజ్యమును హరించినపుడు ఓడ యడుగున బంధింపబడినవాడు ఆ కవి. తాను కన్నతండ్రి కాకున్నను గాలిప్ తన బిడ్డయే యని గోడపై వ్రాసెను.

మావారు దాని నర్థముచేసి చెప్పగా అత్తగారు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మన పాదగయలో ఎవరివారికి వారు పిండములు పెట్టుదురు. ఈ బిడ్డకు ఆ పరాయివాడు నీళ్లు వదలినాడే!" యనిరి. తర్పణవిధియందు తల్లిదండ్రులుగాని బంధువులుగాని లేనివారికిని ఉదకమిచ్చుట కలదు. ఇంగ్లీషు రాని మా యత్తగారు ఆ విధిని తలచి, ఆ చిత్రకల్పనను నాకంటె ముందుగా గ్రహించిరి.

మన యాలంకారికులు కరుణరసమునకు ఆలంబనము, ఉద్దీపనము అని రెండు కారణములు చెప్పుదురు. ఎవరిని గూర్చి దుఃఖము కలుగునో వారాలంబనము. దానిని పెంచు పరిసరము ఉద్దీపనము. ఇచట ఆలంబనమైన బాలుడు కనబడడు, ఉద్దీపనమైన నీరు మాత్రమున్నది. లేనివానిని లేనివానిగానే చూపుటకు ఇది తగిన మార్గమని నా యభిప్రాయము. రేఖ లేదు, రంగు లేదు, భూషణమసలే లేదు. అయినను మా వెనుక వచ్చిన స్త్రీలు పలువురు కన్నులొత్తుకొనుచు బయటికి వచ్చిరి.

2018నాటి నాల్గవ ప్రదర్శనమునకు చిత్రములనెన్నుకొను బాధ్యత మొట్టమొదటిసారి ఒక స్త్రీకి, అనితా దూబేకు, లభించెను. పాల్గొన్న కళాకారులలో సగముకంటె నెక్కువమంది స్త్రీలే. అందు దేశవాళీ వరిబియ్యపు రకములను వండి వడ్డించిన వంటశాల యొకటి కూడ కళగా నిలిచినది.

కావున సోదరీమణులారా! సమీప పట్టణమున ఇట్టి ప్రదర్శనము జరిగినచో తప్పక పోవుడు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి చిత్రములను చూచునపుడు రేఖయు వర్ణమును మనకు దారిచూపును. నవీనకళను చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఈ కట్టడము పూర్వమేమి? ఈ వస్తువు దేనితో చేయబడినది? ఇది ఎవరిని తలచి చేసినది? అర్థము కానిచో ప్రక్కనున్నవారిని అడుగుటకు సిగ్గుపడవలదు. పిల్లలను వెంటగొనిపోవుడు, వారు మనకంటె ముందుగా నీటిలో దిగుదురు.

పిఠాపురమునకు చేరువనే ఉప్పాడ తీరమున కడలి ఏటేట ఇండ్లను మ్రింగుచున్నది. జమదానీ చీరలు నేయు ఆ యూరి కథను చూపుటకు మన ప్రాంతమున పాడువడిన గిడ్డంగి యొకటి దొరకకపోదు. అట్టి కట్టడమును కూల్చుటకు పూనుకొనువారితో ఈ మాట చెప్పి చూడుడు.