సైన్యానికి అక్కరకు రాని సుగుణం

1940 మే 10 తెల్లవారుజామున బెల్జియంలోని ఎబెన్ ఎమాయెల్ కోట నెత్తిన జర్మన్ సైనికులు దిగారు. వాళ్లను మోసుకొచ్చినవి గ్లైడర్లు. ఇంజిన్ లేదు కనుక చప్పుడూ లేదు. దుర్భేద్యమని పేరుపడ్డ ఆ కోట మర్నాటికల్లా లొంగిపోయింది. ఆ వార్త విన్నాక ఏ సైన్యం ఊరుకుంటుంది? 1941లో అమెరికా కూడా గ్లైడర్ పైలట్లను తయారుచేయడం మొదలుపెట్టింది.

అప్పటికి ఆ దేశంలో గ్లైడింగ్ కొద్దిమంది సరదా మాత్రమే. శిక్షణకు కావలసిన గ్లైడర్లను చిన్న చిన్న సంస్థలే సమకూర్చాలి. న్యూయార్క్ రాష్ట్రం ఎల్మైరాలో ష్వైజర్ సోదరులు లోహపు రెక్కలతో టీజీ-2 ఇచ్చారు. అల్యూమినియం యుద్ధ విమానాలకే చాలడం లేదనేసరికి టీజీ-3ని చెక్కతో కట్టారు. లైస్టర్-కాఫ్‌మన్ వారిది టీజీ-4ఎ. నౌకాదళం కోసం ఇద్దరు పక్కపక్కన కూర్చునే గ్లైడర్ చేసిన ప్రాట్-రీడ్ కంపెనీ అసలు వ్యాపారమైతే పియానో మెట్ల తయారీ. చెక్కపని తెలిసిన చేతులకు ఆ రోజుల్లో అంత గిరాకీ!

చిక్కంతా ఇవి మరీ చక్కగా ఎగరడంలోనే వచ్చింది. టీజీ-4ఎని కిలోమీటరు ఎత్తున వదిలితే, గాలి నిశ్చలంగా ఉన్నా, దాదాపు 22 కిలోమీటర్లు సాగిపోతుంది. వేడెక్కిన నేల నుంచి లేచే గాలి దొరికితే దిగనే దిగదు. శిక్షణ పొందే కుర్రాళ్లు చివరికి యుద్ధంలో నడపాల్సింది వాకో సీజీ-4ఎ. ఇద్దరు పైలట్లు, 13 మంది సైనికులతో బరువుగా ఉండే ఆ బండి అదే ఎత్తు నుంచి 12 కిలోమీటర్లు వెళితే గొప్ప. గాలిలో ఎంతసేపు నిలిచామన్నది అక్కడ లెక్క కాదు. చెప్పిన పొలంలో, చెప్పిన మూల, ఒక్క ప్రయత్నంలో దిగాలి. అందుకని సైన్యం పైపర్, ఏరోంకా, టేలర్‌క్రాఫ్ట్ తేలికపాటి విమానాల ఇంజిన్లు పీకించి, ఆ చోట మూడో సీటు పెట్టించింది. అవి పేలవంగానే ఎగిరేవి. కావలసిందీ అదే.

యుద్ధం ముగిశాక మిగిలిన సరుకు అమ్మకానికి వచ్చింది. వాకోను అయిదు పెద్ద చెక్కపెట్టెల్లో సర్ది పంపేవారు. కొన్నవాళ్లలో చాలామందికి ఆ పెట్టెల కలప కావాలి, లోపలి గ్లైడర్ కాదు. శిక్షణ గ్లైడర్ల సంగతి వేరు. యుద్ధానికి పనికిరాదనుకున్న గుణమే క్లబ్బులకు కావలసిన గుణం. రెండు సీట్లుంటాయి, కొత్తవాళ్లకు నేర్పొచ్చు, ధర కారుచవక. టీజీ-4ఎ కొన్న ఔత్సాహికులు కొందరు దాని కాక్‌పిట్ కప్పును కోసి, వీపును చదును చేసి, గాలి ఒరిపిడి తగ్గించుకున్నారు. పాపం, ష్వైజర్ల కొత్త గ్లైడర్లకు వాళ్లే చేసిన పాత సరుకు పోటీగా నిలిచింది.

వీటన్నిటిలో నాకు ముచ్చటగొలిపేది ప్రాట్-రీడ్ కథే. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాలకు తూర్పున ఓవెన్స్ లోయ ఉంది. పడమటి గాలి బలంగా వీచినప్పుడు, వాగులో మునిగిన బండ మీదుగా పారే నీరు దిగువన మళ్లీ ఉబికినట్టు, శిఖరాలు దాటిన గాలి లోయలోకి జారి తరంగంలా పైకి లేస్తుంది. గ్లైడర్ గాలితో పోలిస్తే ఎప్పుడూ కిందికే జారుతుంటుంది; కానీ గాలి అంతకన్నా వేగంగా లేస్తుంటే అది కూడా పైకి వెళ్తుంది. ఈ తరంగాల లోతుపాతులు కనుక్కోవడానికి 1951-52లో బిషప్ పట్టణం దగ్గర శాస్త్రవేత్తలు పరిశోధన చేపట్టారు. అందుకు వాడినవి యుద్ధకాలపు ప్రాట్-రీడ్‌లు.

1952 మార్చి 19న లారీ ఎడ్గర్, హరాల్డ్ క్లీఫోర్త్ ఆ గ్లైడర్‌లో 44,255 అడుగుల ఎత్తుకు చేరారు. అంటే దాదాపు పదమూడున్నర కిలోమీటర్లు, ఎవరెస్టుకు ఒకటిన్నర రెట్లు. 40,000 అడుగులు దాటితే గాలి పీడనం ఎంత తక్కువంటే, మామూలు మాస్కుతో శుద్ధ ఆక్సిజన్ పీల్చినా రక్తానికి చాలదు. గ్లైడర్‌లో పీడనం నిలిపే గది లేదు.

తరంగం కింద గాలి సుడులు తిరిగే ప్రాంతాన్ని రోటర్ అంటారు. తరంగం ఎంత నునుపో అది అంత మొరటు. 1955 ఏప్రిల్‌లో అదే లోయలో ఎడ్గర్ నడుపుతున్న ప్రాట్-రీడ్ రోటర్‌లో చిక్కి ముక్కలైంది. ఆయన పారాచూట్‌తో బయటపడ్డాడు. 1952 నాటి రెండు సీట్ల గ్లైడర్ ఎత్తు రికార్డు మాత్రం 2006లో స్టీవ్ ఫాసెట్, ఐనార్ ఎనెవోల్డ్‌సన్ అర్జెంటీనాలో దాటేదాకా నిలిచింది. వాళ్లు పీడన దుస్తులు తొడుక్కుని ఎగిరారు.