దంపతుల సంతకము – పన్ను బాధ్యత

వివాహము ఇరువురి జీవితములను కలుపును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అది ఇరువురి పన్నును గూడ కలుపవచ్చును. మన దేశమున భార్యాభర్తలు ఎవరి ఆదాయపు పన్ను రిటర్నును వారే వేరుగా దాఖలు చేయుదురు. అచ్చట దంపతులు కోరినచో ఒకే రిటర్నుపై ఇరువురును సంతకము చేయవచ్చును. పెక్కుమందికి దానివలన పన్ను తగ్గును. కాని ఆ సంతకముతో మొత్తము పన్నుకు ఇద్దరిలో ప్రతివారును బాధ్యులగుదురు. విడాకుల తరువాత సైతము ఆ బాధ్యత తనంత తాను తొలగదు. ఉద్యోగార్థమై అచ్చటికేగిన తెలుగు కుటుంబములు అనేకము గలవు గనుక ఈ విషయమును మనము ఎరిగియుండుట మేలు.

1970, 1980 దశకములలో పన్ను తగ్గించు పెట్టుబడి పథకములు అచ్చట విరివిగా సాగినవి. పెట్టిన సొమ్ముకంటె హెచ్చు నష్టమును కాగితములపై చూపి, దానిని ఇతర ఆదాయమునుండి తీసివేయుట వీనిలో పెక్కింటి కిటుకు. కొన్నేండ్లకు అధికారులు ఆ నష్టమును త్రోసిపుచ్చినచో పన్ను, వడ్డీ, జరిమానా ఒక్కసారిగా ఇంటిమీద పడును. ఆ వ్యవహారమునందు పాలుపంచుకొనని భార్య గతి యేమి?

1971లో అమెరికా శాసనసభ ఇట్టి నిర్దోషులకు ఊరట కల్పించెను. తొలుత అది దాచిన ఆదాయమునకే వర్తించెను. 1984లో ఆధారములేని తగ్గింపులకును విస్తరించెను. ఇది భార్యకే గాక భర్తకును వర్తించును.

అయితే "తెలియుట" యనగా నేమి? 1989లో ప్రైస్ కేసునందు తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు దీనిని విచారించెను. కొలంబియా దేశపు బంగారు గనుల పథకము పేర 1981 రిటర్నులో 90,000 డాలర్ల తగ్గింపు చూపబడినది. పెట్టుబడి పెట్టినట్లు భార్యకు తెలియును. ఆమె భర్తను ప్రశ్నించెను. అంతయు సక్రమమేయని అతడు నమ్మబలికెను. పెట్టుబడిని ఎరుగుట వేరు, ఆ తగ్గింపు చెల్లదని ఎరుగుట వేరు అని కోర్టు తేల్చి, ఆమెకు ఊరట నిచ్చెను. ఆమె చదువు, ఇంటి ఆర్థిక వ్యవహారములలో ఆమె పాత్ర, అలవాటుకు మించిన ఖర్చులు, భర్త దాపరికము – ఈ నాలుగింటిని పరిశీలింపవలెనని చెప్పెను. దాచిన ఆదాయము విషయమున మాత్రము, ఆదాయము వచ్చినదని తెలిసియుండుటయే ఊరటకు అడ్డగును.

1998 చట్టము ఈ ఊరటను మరింత విస్తరించెను. విడాకులు పొందినవారు, విడిగా నివసించువారు తమ వంతు బాధ్యతనే వహించునట్లు కోరవచ్చును. కాని తప్పుడు పద్దును నిజముగా ఎరిగి సంతకము చేసినవారికి ఆ పద్దు విషయమున ఈ వెసులుబాటు సామాన్యముగా లభింపదు.

దీనినుండి మనము గ్రహింపదగిన దొక్కటి. చదువు గలవారు "మాకు తెలియదు" అనుట న్యాయస్థానమునందు సులభముగా చెల్లదు. చదువు పెరిగినకొలది ప్రశ్నించు బాధ్యతయు పెరుగును. కనుక నేటి విద్యార్థినీ విద్యార్థులు రేపు గృహస్థులైనప్పుడు, కాగితమును చదివి, అర్థముగాని దానిని అడిగి, ఆ పిమ్మటనే సంతకము చేయుదురు గాక! జీవిత భాగస్వామిని లెక్క అడుగుట అపనమ్మకము కాదు. అది ఇల్లు నిలుపుకొను మార్గము.